480 గంటలు, 72 గదుల ట్రే

రిజిస్ట్రేషన్ వచ్చిందని నిన్న మెయిల్. ఇక పేరు పక్కన హెచ్‌టీఆర్, అంటే నమోదైన హార్టికల్చర్ థెరపిస్టు అని రాసుకోవచ్చు. మన దగ్గర హార్టికల్చర్ బీఎస్సీ చదివి అమెరికా వచ్చి, హార్టికల్చర్ థెరపీ (తోటపనితో రోగులకు చేసే చికిత్స) వైపు చూస్తున్నవాళ్ల కోసం, విసుగు చల్లారకముందే రాసేస్తున్నాను.

ఇది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కాదు. అమెరికన్ హార్టికల్చరల్ థెరపీ అసోసియేషన్ అనే సంఘం ఇచ్చే నమోదు. సంఘం 1973లో వేరే పేరుతో మొదలైంది. నేను పెట్టిన దరఖాస్తుకు అడిగినవి ఇవీ: డిగ్రీ, మొక్కల సబ్జెక్టుల్లో 12 క్రెడిట్లు, సైకాలజీ లాంటి మనుషుల సబ్జెక్టుల్లో 12, థెరపీ పాఠాల్లో 9, ఆపైన నమోదైన థెరపిస్టు పర్యవేక్షణలో 480 గంటల ఇంటర్న్‌షిప్.

మొక్కల క్రెడిట్లు మన డిగ్రీలోనే వచ్చేస్తాయి. సైకాలజీ కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు పూర్తిచేయొచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రం మొదటే ఒక్కో సబ్జెక్టుకు విడిగా క్రెడిట్లు చూపించే రకం మూల్యాంకనం చేయించండి. చౌకగా వస్తుందని డిగ్రీ సమానత్వం మాత్రమే చెప్పే కాగితం తెచ్చుకుని నేను రెండుసార్లు డబ్బు కట్టాను. సిలబస్ కాపీ మీద సంతకం కోసం మా యూనివర్సిటీలో ఒక సెక్షన్ చుట్టూ తమ్ముణ్ణి పదకొండు సార్లు తిప్పారు. దేశం వదిలేముందే ఆ సిలబస్ కాపీ, సంతకం, ముద్ర అన్నీ చేయించి సూట్‌కేసులో పెట్టుకోండి.

అసలు దెబ్బ ఇంటర్న్‌షిప్‌లో తగిలింది. గంటలు గడవడం కష్టం కాదు, వారానికి 40 చొప్పున 12 వారాలు. సెషన్ అయ్యాక రోగి గురించి నోట్సు రాయడమే నన్ను మట్టి కరిపించింది.

నా ఇంటర్న్‌షిప్ పునరావాస ఆసుపత్రిలో. స్ట్రోక్ వచ్చిన ఒకరికి 72 గదుల నారు ట్రే, ఒక గిన్నెలో చిక్కుడు గింజలు ఇచ్చాను. అడ్డంగా పెడితే 12 నిలువు వరుసలు, వరుసకు ఆరు గదులు. నలభై నిమిషాల తర్వాత చూస్తే కుడివైపు ఐదు వరుసలే నిండాయి. కొన్ని గదుల్లో రెండేసి, మూడేసి గింజలు. ఎడమవైపు 42 గదులు ఖాళీ. నేనేం చేశాను? ట్రే వృథా అవుతుందని ఆ 42 గదుల్లో నేనే గింజలు వేశాను. నోటులో "విత్తడం సమంగా లేదు, మొలిచాక పలచన చేయాలి" అని రాశాను. మొలక శాతం కూడా అంచనా వేశాను, గొప్పగా.

సూపర్‌వైజర్ ఆ కాగితం అందరి ముందు చదివి ఒక్కటే అడిగింది: "ఈ ట్రే ఎవరిది?" అప్పటికీ నాకు వెలగలేదు. మెదడు కుడి సగం దెబ్బతింటే కొందరికి ఎడమవైపు లోకం గమనంలోకే రాదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే మిగులుతుంది, గడ్డం ఒకవైపే గీసుకుంటారు. ఆ 42 ఖాళీ గదులే ఆ రోజు కొలత. దాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. పదేళ్లుగా నారుమళ్లు చూస్తున్నవాణ్ణి, ట్రే తప్ప మనిషి కనపడలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నది వివరంగా చెప్తాను, ఏ క్లాసులోనూ ఇంత విడమరిచి చెప్పలేదు. ట్రే ఎడమ అంచుకు ఎర్ర టేపు అంటించాలి. మొదలుపెట్టే ముందు "ఎర్ర టేపు వెతకండి" అనాలి. తల తిప్పి టేపు చూశాకే గింజల గిన్నె చేతికివ్వాలి. ట్రేని మాత్రం కుడివైపుకు జరపకూడదు. జరిపితే గదులన్నీ నిండుతాయి, మనకు మెరుగైనట్టు కనిపిస్తుంది, ఆయన చూపు మాత్రం ఒక్క అంగుళం కూడా కదలదు. సెషన్ అయ్యాక రెండు అంకెలు రాయాలి: ఎడమ నుంచి లెక్కిస్తే ఎన్నో వరుస దాకా వెళ్లారు, ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. చూపు పరిధే తగ్గినవాళ్లూ ఉంటారు. వాళ్లు చాలావరకు లోటు తెలుసుకుని తల తిప్పుకుంటారు. ఏది ఏదో ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పేవారు) తేలుస్తారు, మనం ఊహించి రాయకూడదు.

రోగికి లక్ష్యం రాసే తీరు కూడా అప్పుడే అర్థమైంది. "తోటపనిలో పాల్గొంటారు" అని నేను రాసినవన్నీ ఎర్ర గీతలతో వెనక్కొచ్చాయి. కుదిరింది ఇలా: నాలుగు వారాల్లోగా, ప్రతి నాలుగు సెషన్లలో మూడింటిలో, రెండుసార్లకు మించి గుర్తుచేయకుండా, ఎడమ అంచు వరుస నుంచి విత్తడం మొదలుపెడతారు. గడువు, కొలత, ఎంత సాయం, ఏ పని, నాలుగూ ఉండాలి. సాయానికీ మెట్లున్నాయి: సొంతంగా, మాటతో, సైగతో, చేతిమీద చెయ్యి వేసి. "సంతోషంగా గడిపారు" అంటే కొట్టేస్తారు. "అడగకుండానే పక్కవారితో మూడుసార్లు మాట్లాడారు" అంటే నిలుస్తుంది. మొక్క బతికిందా చచ్చిందా అన్నది, దానివల్ల ఆ మనిషిలో ఏదైనా మారితే తప్ప, నోటులోకి రాదు. మా హార్టికల్చర్ వాళ్లకు మింగుడుపడనిది ఇదే. సోషల్ వర్క్ నుంచి వచ్చిన తోటి ఇంటర్న్‌కు మనీప్లాంట్ కొమ్మ కణుపు కింద కత్తిరించాలని తెలియదు గానీ, నోట్సు ఒక్కటీ వెనక్కి రాలేదు!

మిగతావి మీకు సులువే. వీల్‌చెయిర్ కింద దూరే మడికి మోకాళ్ల దగ్గర కనీసం 27 అంగుళాల ఎత్తు ఖాళీ, ఒకవైపు నుంచే అందుకోవాలంటే మడి వెడల్పు 24 అంగుళాలు దాటకూడదు. గాలన్ నీళ్లు దాదాపు 3.8 కిలోలు, బలహీనమైన భుజానికి అర లీటరు క్యాను చాలు. మానసిక వార్డులో కత్తెరలు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోవాలి, లెక్క కుదిరేదాకా ఎవరూ గది దాటరు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ల దగ్గరికి మట్టి, నిల్వ ఉన్న పూలకుండీ నీళ్లు వెళ్లకూడదు. గన్నేరు, ఉమ్మెత్త, డైఫెన్‌బాకియా లాంటి విషపు మొక్కలు తోటలోనే ఉండకూడదు. మతిమరుపు ఉన్నవాళ్లు ఏ ఆకైనా నోట్లో పెట్టుకోవచ్చు.

గంటల లెక్క ఏ రోజుకారోజు రాసి, వారం వారం సంతకం చేయించుకోండి. నా సూపర్‌వైజర్ మధ్యలో సెలవు మీద వెళ్లింది. సంతకం లేని 31 గంటలు మళ్లీ చేశాను.

ఇంకోటి, గింజల విషయం. వణికే వేళ్లకు చిక్కుడు, పొద్దుతిరుగుడు లాంటి పెద్ద గింజలే పట్టుకు దొరుకుతాయి, తోటకూర విత్తనాలు ఇవ్వకండి. కొనేటప్పుడు గులాబీ రంగు పూతవి తీసుకోవద్దు, అది శిలీంధ్రనాశిని. నేను మొదటి వారం తెచ్చిన ప్యాకెట్టు అదే, గిన్నెలో పోయకముందే లాక్కుని చెత్తబుట్టలో పడేశారు.