నీ మైకేది?

పొద్దున ఆరున్నరకే ఫోన్ మోత. మండలం గ్రూపులో ఒక వీడియో, కింద ‘సాగర్ గేట్లు 26 ఎత్తిండ్రు’ అని. హాలియా నుంచి ఇద్దరు ఫోన్ చేశారు, నిజమేనా అన్నా అని. మళ్లీ చూశా. ఒడ్డున జనమంతా మాస్కుల్లో ఉన్నారు, కరోనా కాలం నాటిది! డ్యామ్ దగ్గర పనిచేసే తెలిసినాయన్ని అడిగితే, ‘నిండాలంటే 590 అడుగులు, నీళ్లింకా చాలా రావాలి, గేట్లెక్కడివి’ అని నవ్వాడు. గ్రూపులో అదే రాశా. ఒక్కరు బొటనవేలు పెట్టారు. గంటకు అదే వీడియో ఇంకో గ్రూపు నుంచి నాకే వచ్చింది, ఈసారి పైన ఎవరిదో ఛానెల్ లోగోతో.

నేను విలేకరిగా చేరినప్పుడు వార్త రాసి కవర్లో పెట్టి నాలుగు గంటల బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాణ్ని. బస్సు తప్పితే రేపే. ఆలోపు సర్పంచినీ, ఎస్సైనీ అడిగేవాళ్లం. మేమేదో సత్యసంధులమని కాదు, బస్సుకు టైముండేది గనక. డబ్బులు లైన్ల లెక్కన, అవి పెట్రోలుకే చాలేవి కావు. గడియారం సెంటర్ దాటుతుంటే నీలగిరి పత్రిక గుర్తొచ్చింది. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ఇదే నల్లగొండ నుంచి నడిపిన వారపత్రిక. వార్త కోసం వారం ఆగిన ఊరు ఇది.

సొసైటీ ముందు యూరియా లైను. మనుషులు చెట్టు కింద, చెప్పులు వరసలో. ఒక చెప్పుల జతలో పట్టా పాస్‌బుక్కు జిరాక్సు మడిచి పెట్టి, ఎగిరిపోకుండా పైన రాయి. మా అక్క కొడుకు అప్పటికే లోగో మైకుతో లైవ్‌లో ఉన్నాడు. ‘మామా, నువ్వు రాసేలోపు అయిపోతది’ అన్నాడు. అయింది కూడా. మధ్యాహ్నానికల్లా అధికారి వచ్చి, లారీ సాయంత్రం వస్తుందని చెప్పి పోయాడు. నా వార్తకైతే రేపు చదివి ఎల్లుండి వచ్చేవాడేమో. కాకపోతే ఎన్ని బస్తాలు, ఎంతమందికని మా అల్లుడు అడగలేదు. నేను అడిగి రాసుకున్నా.

ఇంతలో డెస్క్ నుంచి ఫోన్: వార్త తర్వాత, ముందు వెబ్‌సైట్‌కు ముప్పై సెకన్ల వీడియో, నిలువుగా. సరేనని ఫోన్ ఎత్తి పట్టుకున్నా. లైన్లో ఉన్న ముసలమ్మ కొంగు సర్దుకుని, అటూ ఇటూ చూసి అడిగింది: ‘బిడ్డా, నీ మైకేది?’