ఈ హెలికాప్టర్ నేనే కట్టానని రుజువు చేసుకోవాల్సి వచ్చింది

మొన్న శనివారం నా హెలికాప్టర్ ఎగరడానికి కావాల్సిన సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఆ సంతోషం, అంతకుముందు పడ్డ అవమానం రెండూ పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ దగ్గర. నేను కట్టింది హెలీసైకిల్ అనే ఒంటి సీటు హెలికాప్టర్ కిట్, అంటే విడిభాగాలుగా వస్తే మనమే బిగించుకునేది. రోటర్‌వే అనే హెలికాప్టర్ కిట్ల కంపెనీ పెట్టిన బి.జె. ష్రామ్ ఆ తర్వాత దీన్ని రూపొందించాడు. ఇంజన్ సోలార్ టి62 టర్బైన్. చినూక్ లాంటి పెద్ద సైనిక హెలికాప్టర్లలో సహాయక ఇంజన్‌గా వాడిన కుటుంబం అది. నిమిషానికి 60 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. మా గ్యారేజీలో బిగింపుకు మూడేళ్లు పట్టింది. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి రిజిస్ట్రేషన్‌కు ఇబ్బంది రాలేదు. పైలట్ లైసెన్సు అంతకుముందే ఆర్22 అనే చిన్న హెలికాప్టర్ మీద తెచ్చుకున్నాను.

అసలు కష్టం తనిఖీ రోజున వచ్చి పడింది.

సొంతంగా కట్టుకున్నదానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ప్రయోగాత్మక (ఎక్స్‌పెరిమెంటల్) తరగతి సర్టిఫికెట్ ఇవ్వాలంటే తయారీ, బిగింపు పనుల్లో సగానికి మించి కట్టుకునేవాళ్లే చేసి ఉండాలి. అదీ నేర్చుకోవడానికో, సరదాకో అయ్యుండాలి. 51 శాతం రూల్ అంటారు దీన్ని. ఇంజన్ లాంటివి మనం తయారుచేయక్కర్లేదు.

ఎఫ్ఏఏ తరఫున తనిఖీ చేసే ప్రైవేటు ఇన్‌స్పెక్టర్ గంటసేపు హెలికాప్టర్ చుట్టూ తిరిగాడు. ప్రతి నట్టూ, బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాక దాని మీద టార్క్ సీల్ అనే గట్టిపడే ఎర్ర రంగుతో గీత గీశాను. నట్టు కాస్త కదిలినా ఆ గీత చిట్లుతుంది. టెయిల్ బూమ్ (తోక భాగం) దగ్గర ఆ గీతల్ని గోరుతో తడిమి చూశాడు. ఒక్కటీ చిట్లలేదు. లోపల పొంగిపోయాను.

తర్వాత నా లాగ్, అంటే చేసిన పని రాసుకున్న పుస్తకం తెరిచాడు. నాలుగు వందల ఫొటోలున్నాయి. తిప్పి తిప్పి, "ఇందులో నువ్వెక్కడ?" అన్నాడు.

ఎక్కడా లేను. ఫోన్ పట్టుకున్నది నేనే కదా!

"పని చాలా నీట్‌గా ఉంది. అందుకే అడుగుతున్నా, ఎక్కడ చేయించావు?"

పక్కనే మా పన్నెండేళ్లవాడు నిలబడి ఉన్నాడు. నా మొహంలోకి చూశాడు. నోట మాట రాలేదు నాకు. మూడేళ్ల శని, ఆదివారాలు, పండగలు, నిద్ర అన్నీ పోసి కట్టినదాన్ని కొడుకు ముందే ఎవడో కట్టిపెట్టాడన్నారు. ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఫీజు మాత్రం తీసుకున్నాడు.

డబ్బు పోసి షాపులో కట్టించుకుని, తామే కట్టామని సంతకాలు చేసేవాళ్లున్నారు. నా కోపం ఇన్‌స్పెక్టర్ కన్నా వాళ్ల మీదే ఎక్కువ. వాళ్ల అబద్ధానికి జరిమానా నాలాంటివాళ్లం కడుతున్నాం.

ఆ రాత్రి మా ఆవిడ అంది: "అత్తయ్యకు పంపినవి ఉన్నాయి కదండీ!"

తెనాలిలో ఉన్న మా అమ్మకు ప్రతి ఆదివారం వాట్సాప్‌లో ఫొటో పంపేవాణ్ని. తీసేది మా ఆవిడ. ఒకదాంట్లో మోచేతుల దాకా గ్రీజుతో, రెక్కలు బిగించే రోటర్ హబ్ పట్టుకుని ఉన్నాను. ఇంకోదాంట్లో ఫ్యూయల్ లైన్ కింద పడుకుని ఉన్నాను. తేదీలతో సహా 130 పైచిలుకు దొరికాయి. అన్నీ ప్రింట్ తీసి లాగ్‌లో వరసగా అంటించాను.

ఇన్‌స్పెక్టర్ రెండోసారి వచ్చినప్పుడు అవే చూశాడు. ఒక ఫొటో కింద తెలుగు అక్షరాలు చూసి ఏం రాశారని అడిగాడు. మా అమ్మ రాసింది చదివి చెప్పాను: "గ్లౌజులు వేసుకో నాన్నా, వేళ్లు జాగ్రత్త." ఇంకేం అడగలేదు. పెన్ను తీశాడు.

కట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మొదటి రివెట్ నుంచి మీ చేతులు, మీ మొహం పడేలా ఎవరితోనైనా ఫొటోలు తీయించుకోండి. మిగతాదంతా మాన్యువల్‌లో ఉంది.

నాకు 40 గంటల టెస్ట్ ఫ్లయింగ్ పెట్టారు. నిన్న సాయంత్రం గాలి తగ్గాక, మొదటిసారి రెండడుగులు లేపి గాల్లో నిలబెట్టాను. మూడు నిమిషాలు. వీడియో మావాడే తీశాడు. రాత్రే అమ్మకు పంపాను.