అమెరికా సంబంధం ఆరా: కాల్ లాగ్ నుంచి కోర్టు రికార్డు దాకా నా అనుభవం

మా పిన్ని కూతురికి అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ వైపు ఉండే అబ్బాయితో మ్యాట్రిమోనీలో పరిచయమై, ఏప్రిల్ నుంచి జులైలోపు ప్రేమ దాకా వెళ్ళింది. తాంబూలాలకు ముందు వివరాలు చూసిపెట్టమని ఇంట్లోవాళ్ళు నాకు అప్పగించారు. ఇలాంటి పని ఇంతకు ముందూ చేశాను కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. మొత్తం మూడు వారాలు పట్టింది.

కాగితాలకంటే ముందు చెల్లి ఫోన్లో కాల్ లాగ్ చూశాం. డాలస్‌కీ మనకీ వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. వచ్చిన కాల్స్ అన్నీ అక్కడి టైముకి మార్చి ఒక కాగితం మీద రాయించాను. దాదాపు అన్నీ మన రాత్రి పదకొండున్నరకి వచ్చినవే. అంటే అతనికి మధ్యాహ్నం ఒంటిగంట, లంచ్ టైము, పార్కింగులో కారులోంచి. మన ఉదయం ఏడింటికి అతనికి రాత్రి ఎనిమిదిన్నర, ఇంట్లో ఉండే సమయం. అప్పుడు చేసిన కాల్ ఒక్కటీ లేదు. శని, ఆదివారాలు మెసేజ్‌లే.

ఇక్కడ తొందరపడకూడదు. సపోర్టు ప్రాజెక్టుల్లో ఉన్నవాళ్ళకి రాత్రి ఎనిమిదిన్నర నుంచి ఆఫ్‌షోర్ టీముతో, అంటే ఇండియాలో పనిచేసేవాళ్ళతో, కాల్స్ ఉంటాయి, అందుకని వారం మధ్యలో సాయంత్రాలు ఖాళీ లేకపోవడం మామూలే. అసలు పరీక్ష వారాంతం. ఆఫీసు లేని రెండు రోజులూ ఇంట్లోంచి ఒక్క వీడియో కాల్ లేకపోతే అడగాల్సిందే. అతను చెప్పిన కారణం రూమ్మేట్. రూమ్మేట్ పక్కనుండగా పప్పు తాలింపు వేస్తూ ఫోన్ మాట్లాడని తెలుగు కుర్రాణ్ణి నేనింకా చూడలేదు.

తర్వాత కాగితాలు. ముందు మనవి పంపాలి. చెల్లి పాస్‌పోర్టు రెండు వైపులా, టెన్త్ మెమో, ఫామ్ 16, ఆఫర్ లెటర్ పంపి, అవతలి నుంచీ అలాంటివే అడిగాం: పాస్‌పోర్టు, ఐ-797 (వీసా పిటిషన్ మీద అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే నోటీసు), చివరి మూడు పే స్టబ్‌లు (జీతం చీటీలు), కిందటేటి డబ్ల్యూ-2 (మన ఫామ్ 16 లాంటిది). ఇచ్చిపుచ్చుకోవడంగా అడిగితే అవమానంగా తీసుకోవడానికి వీలుండదు. సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కనిపించకుండా కొట్టేసి పంపమని మేమే చెప్పాం. అతని ఫోన్లోకో మెయిల్లోకో దొంగతనంగా వెళ్ళే పని ఎవరు చెప్పినా చేయొద్దు. అది నేరం, పైగా అవసరమూ ఉండదు.

పాస్‌పోర్టు అంటే అందరూ ఫొటో ఉన్న పేజీయే పంపుతారు. తల్లిదండ్రుల పేర్లు, భార్య లేదా భర్త పేరు, చిరునామా, పాత పాస్‌పోర్టు నంబరు ఉండేది ఆఖరి పేజీలో. ఇతనూ ఫొటో పేజీ పంపి ఊరుకున్నాడు. ఆఖరిది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. వచ్చాక చూస్తే భార్య పేరు దగ్గర ఖాళీ. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు కానీ, ఆ పాస్‌పోర్టు ఇచ్చింది 2016లో. పెళ్ళికి ముందు తీసుకున్న పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అడిగి మార్పించుకుంటేనే పేరు చేరుతుంది. గడిలో పేరుంటే పెళ్ళయినట్టు, లేకపోతే ఏమీ తేలనట్టు. నోటరీ దగ్గర తెచ్చే అవివాహిత అఫిడవిట్ కూడా ఇంతే, అతని మాటే స్టాంపు కాగితం మీద ఉంటుంది.

ఐ-797లో పిటిషన్ వేసిన కంపెనీ పేరు పే స్టబ్ మీది పేరుతో కలవాలి. ఇతను పెద్ద బ్యాంకులో ఉద్యోగం అన్నాడు, కాగితంలో ఉన్నది కన్సల్టెన్సీ. దీన్ని నేను పట్టించుకోను. క్లయింట్ పేరునే ఉద్యోగంగా చెప్పుకోవడం మనవాళ్ళలో మామూలు, సిగ్గుకొద్దీ చెప్పే అబద్ధం. గ్రీన్ కార్డు ఉందన్నవాళ్ళ దగ్గర మాత్రం కార్డు మీది కేటగిరీ కోడ్ చూడాలి. ఐఆర్6, సీఆర్6 అని ఉంటే అమెరికా పౌరురాలిని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న కార్డు. ఉద్యోగం మీద వచ్చినవి ఇంగ్లీషు 'ఈ' (E) అక్షరంతో మొదలవుతాయి.

అసలు విషయం పే స్టబ్‌లో దొరికింది. అందరూ జీతం అంకె చూసి పక్కన పెట్టేస్తారు. చూడాల్సింది రెండు చోట్ల. ఒకటి, పన్ను కోత దగ్గర రాసే ఫైలింగ్ స్టేటస్: సింగిలా, మ్యారీడా. అన్ని కంపెనీలూ ఇది ముద్రించవు. రెండోది మెడికల్ ఇన్సూరెన్స్ కోత. ఇతని దాంట్లో మెడికల్ పక్కన 'ఎంప్లాయీ ప్లస్ స్పౌజ్', అంటే ఉద్యోగితో పాటు భార్యకీ అని ఉంది, మూడు స్టబ్‌లలోనూ. హెచ్‌ఆర్ పొరపాటన్నాడు. ఫైలింగ్ స్టేటస్ తప్పుగా టిక్కు పెట్టేవాళ్ళు ఉంటారు, అది నమ్మొచ్చు. ఇన్సూరెన్సులో భార్యను చేర్చాలంటే ఆమె పేరు, పుట్టిన తేదీ ఇవ్వాలి. పొరపాటున జరిగేది కాదు.

మన కోర్టుల్లో కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు అప్పటికే వెతికాను. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్సు ఎంచుకుని, పార్టీ పేరు, సంవత్సరం ఇవ్వాలి. హైదరాబాద్ అంటే రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి కూడా కలిపి మూడూ చూడాలి. పేర్ల స్పెల్లింగే పెద్ద చిక్కు. శ్రీనివాస్‌ని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. అబ్బాయి పేరుతో ఆగకుండా తల్లి పేరు, తండ్రి పేరు కూడా కొట్టాలి. వరకట్నం కేసుల్లో, డీవీసీల్లో (గృహహింస కేసులు) అత్తమామల్నీ పార్టీలుగా చేరుస్తారు, కొడుకు పేరు తప్పిపోయినా అక్కడ దొరుకుతుంది. పెళ్ళి కేసులు ఎఫ్‌సీఓపీ, హెచ్‌ఎంఓపీ అనే నంబర్లతో ఉంటాయి. భార్య తానుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు కాబట్టి అబ్బాయి సొంత జిల్లా ఒక్కటే చూస్తే చాలదు. మాకు ఏమీ దొరకలేదు. ఛార్జిషీటు వేయని కేసు అక్కడ కనిపించదు, అమెరికాలో వేసిన కేసు అసలే కనిపించదు.

అమెరికా మొత్తానికీ కలిపి పెళ్ళిళ్ళ రిజిస్టరు లేదు, అంతా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) లెక్క. పే స్టబ్ మీద ఇంటి చిరునామా ఫ్రిస్కో అని ఉంది. ఆ ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంటుంది, రెండూ చూడాలి. టెక్సస్‌లో పెళ్ళి లైసెన్సులు కౌంటీ క్లర్కు దగ్గర, విడాకుల కేసులు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర. కేసు పేరు 'ఇన్ ద మ్యాటర్ ఆఫ్ ద మ్యారేజ్ ఆఫ్' అని మొదలై ఇద్దరి పేర్లూ వస్తాయి. పిల్లలుంటే వెనకాల 'ఇన్ ద ఇంటరెస్ట్ ఆఫ్' అని ఇంకో ముక్క చేరుతుంది. ఇతని కేసుకి ఆ రెండో ముక్క లేదు. మొదటి ముక్క ఉంది, స్థితి పెండింగ్.

అడిగితే ఒప్పుకున్నాడు. టెక్సస్‌లో పిటిషన్ వేశాక 60 రోజులు ఆగితే చాలు, అయిపోతుందన్నాడు. ఆ 60 రోజులన్నది నిజమే, కానీ అది కనీస గడువు. మన దగ్గర హిందూ పద్ధతిలో పెళ్ళయిన భార్య అక్కడి కోర్టుకి మనస్ఫూర్తిగా ఒప్పుకుని రాకపోతే, లేదా మన చట్టంలో లేని కారణం మీద డిక్రీ ఇస్తే, అది ఇక్కడ చెల్లకపోవచ్చు. సుప్రీంకోర్టు 1991లో నరసింహారావు, వెంకటలక్ష్మి కేసులో చెప్పింది ఇదే. ఆ పెళ్ళి తిరుపతిలో జరిగింది, విడాకులు మిస్సోరిలో తీసుకున్నారు. అంటే అక్కడ విడాకులైన మనిషి ఇక్కడ పెళ్ళయినవాడిగానే మిగలొచ్చు. అలాంటివాడితో జరిగే పెళ్ళి హిందూ వివాహ చట్టం 11వ సెక్షను కింద చెల్లదు. మొదటి పెళ్ళి దాచి మళ్ళీ చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను కింద పదేళ్ళ దాకా శిక్ష. ఇక్కడి కోర్టు విడాకులైనా, డిక్రీ మీద అప్పీలు గడువు 90 రోజులు దాటిందో లేదో చూసుకోవాలి.

విడాకులు తీసుకోవడం తప్పని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మొదటి నెలలోనే చెప్పి ఉంటే చెల్లి కూర్చుని మాట్లాడేదే.

చాట్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి, స్టబ్‌లు, కౌంటీ పేజీ స్క్రీన్‌షాట్లు తేదీతో దాచమన్నాను. ఆ పేజీ లింకు చెల్లి అతనికే పంపింది. మర్నాడు మన టైము ఉదయం ఏడింటికి ఫోన్ చేశాడు. అదీ కారులోంచే.