మా తలుపుకి వేలాడిన చెక్క పలక

ఇంట్లో దిగిన రెండో సోమవారం పొద్దున చెత్త పడేద్దామని తలుపు తీశాను. బయట పిడికి చిన్న చెక్క పలక వేలాడుతోంది. దాని మీద ఏదో జర్మన్ మాట. గుండెలో దడ మొదలైంది. మిక్సీ చప్పుడు ఎక్కువైందా, తాలింపు ఘాటు కింది వాళ్ల దాకా వెళ్లిందా, ఓనర్ నోటీసు పెట్టించారా అని మనసు ఎటెటో పోయింది. ఆఫీసులో ఉన్న మా ఆయనకి ఫొటో పంపాను. పక్క సీటు ఆయన్ని అడిగి వెంటనే ఫోన్ చేశారు. "టెన్షన్ పడకు. దాన్ని కేర్‌వొఖె అంటారట. ఈ వారం మెట్లు ఊడ్చే వంతు మనది."

మేముండే ఈ జర్మనీ నగరం స్టుట్‌గార్ట్‌లో చాలా అద్దె ఇళ్లకి ఈ పద్ధతి ఉంది. మన అంతస్తు ముందు జాగా, అక్కణ్ణుంచి కింది అంతస్తు దాకా మెట్లు ఊడ్చి తుడిస్తే చిన్న కేర్‌వొఖె. వీధి గుమ్మం, పేవ్‌మెంటు, సెల్లార్ కూడా చేస్తే పెద్దది. ఎవరి పెంట వాళ్లు వారం వారం బయటికి తోలుకోవాలని 1492 నాటి పట్టణ శాసనంలోనే ఉందట. 1988లో మేయర్ మాన్‌ఫ్రెడ్ రొమ్మెల్ హయాంలో నగర నిబంధనల్లోంచి తీసేశారు. అయినా అద్దె ఒప్పందాల్లో అలాగే నిలిచింది. మా ఒప్పందంలోనూ ఉంది, ఆ పేరా మా కంట పడలేదు.

ఆ ఒప్పందం చేతికి రావడానికే మూడు నెలలు పట్టింది. డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె, అంటే హీటింగ్, నీళ్లు వగైరా కలపని ఉత్త అద్దె. చట్టప్రకారం అంతకు మించి అడగకూడదు. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. మాకది తెలియక, ఉన్నదంతా ఊడ్చి ఒకేసారి కట్టేశాం. కొత్తగా వచ్చేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

తాళం తీసి లోపలికి వెళ్తే వంటగదిలో ఏమీ లేదు. సింకు లేదు, స్టవ్ లేదు, గట్టు లేదు. గోడలోంచి రెండు పైపులు, పైకప్పు నుంచి బల్బు లేని వైర్లు. ఇక్కడ చాలామంది ఇల్లు మారేటప్పుడు వంటగదిని విప్పి వెంట తీసుకుపోతారు. మాకు కొత్తది అమరేసరికి ఐదు వారాలైంది. అన్నాళ్లూ కిటికీ పక్కన స్టూలు వేసి ఒక్క ఇండక్షన్ స్టవ్ మీదే అన్నం, పప్పు. గిన్నెలు బాత్‌టబ్‌లో తోమాను. నవంబరు నెలాఖరు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. టబ్ ముందు మోకాళ్ల మీద కూర్చుని కుక్కర్ తోముతూ ఏడ్చిన రోజులున్నాయి.

ఇంకో ఇబ్బంది పోస్టు డబ్బాతో వచ్చింది. దాని మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే రాయించాం. నా పాస్‌పోర్టులో ఉన్నది పుట్టింటి పేరు. నాకు రావాల్సిన బ్యాంకు కార్డు వెనక్కి వెళ్లిపోయింది. మా బిల్డింగులో ఫ్లాట్లకి నంబర్లు లేవు, డబ్బా మీద పేరు లేకపోతే పోస్టుమాన్‌కి మనం లేనట్టే. ఆ రోజే తెల్ల కాగితం ముక్క మీద నా పేరు మొత్తం పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

అందుకే ఆ పలక సంగతి తెలిశాక నాకు పని పడిందన్న బాధ కలగలేదు. ఈ మెట్ల మీద మాకూ ఒక వంతు ఉందని ఎవరో లెక్కేశారు. ఈ ఊరికి వచ్చాక అలా లెక్కలోకి రావడం అదే మొదలు.

శనివారం పొద్దున బకెట్టు పట్టుకుని, తెనాలిలో వాకిలి కడిగినట్టే పై మెట్టు మీద నీళ్లు గుమ్మరించాను. కింది అంతస్తు పెద్దావిడ, ఎనభై ఏళ్లుంటాయేమో, "నైన్, నైన్" (వద్దు, వద్దు) అంటూ పైకి వచ్చారు. కోప్పడతారని నిలబడిపోయాను. ఆవిడ నా చేతిలో గుడ్డ తీసుకుని గట్టిగా పిండి, మెట్టు మీద వేళ్లతో తట్టి చూపించారు. చెక్క మెట్లు, నీళ్లు నిలిస్తే పాడైపోతాయి. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్‌లో మొదటి స్థాయి, ఏ-వన్ కూడా పూర్తి కాలేదు. ఆవిడ ఊడుస్తుంటే నేను తుడుస్తూ దిగాను. సగం మెట్లయ్యాక ఆగి, నన్ను వేలితో చూపించి, నా పేరు నెమ్మదిగా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అన్నారు. డబ్బా మీది కాగితం చదివారన్నమాట. నేను సరిచేసి చెప్తే మూడోసారికి చక్కగా పలికారు.

మధ్యాహ్నం వీడియో కాల్‌లో అమ్మకి మెట్లన్నీ చూపించాను. నిలువు కర్ర చీపురు చూసి, "వంగకుండా ఊడిస్తే మూలల్లో దుమ్ము ఎలా పోతుందే?" అంది. వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. వంగి, పిండిన గుడ్డతో ఒక్కో మూలా తుడిచాను.

ఆదివారం సాయంత్రం పలక తీసి ఎదురు ఫ్లాట్ పిడికి తగిలించాను.