మొదటి గీత దగ్గరే ఇద్దరూ ఉండాలి

దుబాయ్ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆర్కిటెక్ట్ మొదటి స్కెచ్ గీసేటప్పుడే స్ట్రక్చరల్ ఇంజనీర్లమైన మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోవడం. విశాఖలో పనిచేసిన రోజుల్లో ప్లాన్ ఖాయమై, ఓనరు ఎలివేషన్ చూసి మురిసిపోయాక గానీ డ్రాయింగ్ మా దాకా వచ్చేది కాదు. అప్పుడు ‘ఇక్కడ కాలమ్ పడాలి’ అంటే మేమే అడ్డం పడుతున్నట్టు చూసేవాళ్లు.

దుబాయ్‌లో ఒక హోటల్ లాబీ మధ్యలో కాలమ్ వద్దన్నాడు ఆర్కిటెక్ట్. తీసేస్తే పై అంతస్తుల బరువుకి రెండు మీటర్ల లోతు ట్రాన్స్‌ఫర్ బీమ్, అంటే ఆ బరువుని పక్క కాలమ్‌లకి మళ్లించే దూలం, వేయాలి. దాని కింద ఏసీ డక్టులు వెళ్తే సీలింగ్ నెత్తిమీదికొస్తుంది. ట్రేసింగ్ పేపర్ పరుచుకుని ఇద్దరం చాలాసేపు కుస్తీ పట్టాం. చివరికి ఆయన రిసెప్షన్‌ని కాలమ్ దగ్గరికి జరిపాడు. నేను కాలమ్‌ని గోడలా పలచగా, పక్కకి పొడుగ్గా మార్చాను. అది కౌంటర్ వెనక గోడలో కలిసిపోయింది.

బుర్జ్ ఖలీఫా వెనకా ఇలాంటి పొత్తే ఉంది. ఆర్కిటెక్ట్ ఆడ్రియన్ స్మిత్, ఇంజనీరు బిల్ బేకర్ అప్పట్లో ఒకే సంస్థలో ఉండేవారు. నమూనా మీద గాలి వదిలి చూసే విండ్ టనెల్ పరీక్షలు చేసి టవర్ రూపాన్నీ, అది ఏ దిక్కుకి తిరిగి ఉండాలన్నదాన్నీ మార్చారు. 828 మీటర్ల కట్టడం అలా లేచింది.

ఇప్పుడు సెలవు మీద విశాఖలో ఉన్నాను. మా బావ సాగర్ నగర్‌లో ఇల్లు మొదలుపెడుతూ ప్లాన్ చూపించాడు. సముద్రం వైపు పెద్ద బాల్కనీ, అంచున స్లాబ్ మందం నాలుగంగుళాలే. చూడ్డానికి చాలా అందంగా ఉంది.

“ఇంజనీరు చూశారా బావా?”

“ప్లాన్ ఫైనల్ అయ్యాక పంపిస్తారటరా.”

నాకు టెన్షన్ పట్టుకుంది. 2014లో హుద్‌హుద్ తుపాను దెబ్బ తిన్న ఊరు ఇది. గాలి సంగతి అలా ఉంచినా, ఉప్పు ఊరుకోదు. బీచ్ దగ్గరి పాత బిల్డింగుల సన్‌షేడ్లు చూడండి, ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీట్ పెచ్చులూడిపోతుంటుంది. తీరపు గాలి నేరుగా తగిలేచోట ఇనుముకి 45 మిల్లీమీటర్ల కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీట్ పొర, ఉండాలంటుంది మన దేశపు కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456. పైన 45, కింద 45 పోతే ఆ నాలుగంగుళాల్లో మిగిలేది పది మిల్లీమీటర్లు. ఊచలు ఎక్కడ పెడతారు? స్లాబ్ మందం పెంచాలి, లేదా బాల్కనీ తగ్గించాలి. అందం చెడకుండా అది చేయగలిగింది ఆర్కిటెక్టే, అదీ ఇప్పుడైతేనే.

బావ విన్నాడు. శుక్రవారం ఆర్కిటెక్టునీ, ఇంజనీరునీ ఇద్దర్నీ సైట్‌కి రమ్మన్నాడు. నా ఫ్లైట్ శనివారం కాబట్టి నేనూ ఉంటాను. ముందు బాల్కనీ తేల్చుకుని, తర్వాతే మున్సిపల్ అప్రూవల్‌కి పెడదామన్నాను.