మోకాలి లోతేగా!

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, నాకేమో బావగారి మాట ఇంకా చెవిలోనే ఉంది. "మోకాలి లోతేగా అమ్మా, నువ్వు మరీనూ!"

రేపు సూర్యలంక. కార్తీక మాసం కదా, సముద్ర స్నానం. సాయంత్రం పులిహోరకి చింతపండు ఉడికిస్తూ, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒకరు ఫోన్ పక్కన పెట్టి వాళ్లనే చూస్తుండాలి అన్నాను, అంతే. దానికి పావుగంట ఉపన్యాసం. బెజవాడలో బందరు కాలవలో ఈత నేర్చుకున్నారట, వంతెన మీంచి దూకేవారట, వాళ్లమ్మ కర్ర పట్టుకుని గట్టు వెంట పరిగెత్తేదట (ఈ కథ మీకూ కంఠతా వచ్చే ఉంటుంది). కాలవ ఒక వైపుకే పోతుంది బావగారూ, సముద్రం అలా కాదు అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా ఆయన టీవీ చూస్తున్నారు, ఎప్పట్లాగే.

నేను ఇంటర్‌లో ఉండగా వెళ్లిందీ ఆ సూర్యలంకే. అటూ ఇటూ అలలు తెల్లగా విరిగి పడుతుంటే మధ్యలో ఒకచోట మాత్రం నీళ్లు నునుపుగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయి. "ఇక్కడ బావుంది, అలలే లేవు" అని అక్కని లాక్కెళ్లాను. మోకాలి లోతే. పెద్ద అల ఒకటి వచ్చి పోతూ పోతూ కాళ్ల కింద ఇసుక తోడేసింది, నడుము దాకా వచ్చింది, ఆ తర్వాత నేల అందలేదు. అక్క ఎలాగో ఆగిపోయింది. వెనక్కి చూస్తే చెప్పుల దగ్గర కూర్చున్న పెద్దమ్మ పచ్చ చీర చుక్కంత. నాకొచ్చిన చెరువు ఈతంతా ఈదాను, ఆ చుక్క పెద్దదవ్వదే! కిందికేం లాగలేదు, లోపలికి మోసుకుపోయింది. వలలు సర్దుకుంటున్న ఒకాయన "ఎదురీదమాక, పక్కకి పో, పక్కకి" అని చెయ్యి ఊపుతూ అరిచాడు. ఒడ్డు వెంబడే పక్కకి ఈదితే కాసేపటికి ఆ లాగుడు వదిలేసింది, ఆ పైన అలలే తోసుకొచ్చి ఇసుకలో పడేశాయి.

దాన్ని రిప్ కరెంట్ అంటారని చాలా ఏళ్లకి తెలిసింది. ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోవడానికి సన్నటి దారి చూసుకుంటాయి, అదే నేను ముచ్చటపడ్డ ఆ నునుపు జాగా. అందులో ఎదురీదితే ఎంత ఈతగాడికైనా ఒళ్లు అలిసిపోవడమే. అలిసిపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలట.

ఇంత రాశాక చూస్తే బావగారి మీద కోపం ఎందుకో అర్థం కావట్లేదు. ఆ చోటు ఏరికోరి ఎంచుకుంది నేనే కదా. ఆయనకి తెలీదు, అప్పుడు నాకూ తెలీదు. పైగా ఈ సంగతి ఇంట్లో ఒక్కళ్లకీ చెప్పలేదు నేను. అసలు కోపం ఆ "నువ్వు మరీనూ" మీదేమో.

లేదు, ఆయన మీదే.

కడుపునొప్పని మానేద్దామనుకున్నా, కానీ అప్పుడు గట్టున నిలబడేదెవరు? చిన్నోడు ఈత నిక్కరు వేసుకునే నిద్రపోయాడు. ఇందాక లేచి రెండు ఖాళీ నూనె క్యాన్లు, ఐదు లీటర్లవి, సబ్బుతో కడిగి మూతలు బిగించి, డాబా మీద దండెం తాడు విప్పుకొచ్చి కట్టాను. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకే దూకడం కాదు, తేలేదేదైనా విసరాలి. పులిహోర డబ్బా పక్కనే పెట్టాను. పొద్దున ఇవెందుకమ్మా అంటారు. అననీ.