‘ప్రమా’ తర్వాత చెదలు తినేసిన ఏడాది: నా అనుభవం

నిన్న రాత్రి తేలింది. మా ఊళ్ళో మా పుట్టింటివాళ్ళు ఇంటిస్థలం కొన్నది 1913లో. ఈ ఒక్క అంకె కోసం నాలుగు నెలలు తిరిగాను, అందుకే ఆ వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

మా మేనత్తకు ఎనభై దాటాయి. "బందరు ఉప్పెనలో అంతా పోయి, కట్టుబట్టలతో దివిసీమ నుంచి కృష్ణ దాటి ఇటొచ్చారే మనవాళ్ళు" అని నా చిన్నప్పటి నుంచీ చెబుతోంది. ఆ ఉప్పెన 1864 నవంబరు 1న వచ్చింది, సుమారు 30 వేల మంది పోయారు. అత్తయ్య ట్రంకు పెట్టెలో ఆ ఇంటిస్థలం దస్తావేజు దొరికింది. 45 రూపాయల బేరం. 100 రూపాయల లోపు కొనుగోళ్ళకు అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి దాని మీద ఆఫీసు ముద్ర గానీ, ఇంగ్లీషు తేదీ గానీ లేవు. అంతా గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలన్నీ గొలుసులా కలిపేసి రాసే పాత పద్ధతి. అది చదవడం నేర్చుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, ఇప్పుడు మా చుట్టాల్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే, ఈ మాట గర్వంగానే చెబుతున్నా.

తెలుగు ఏడాది పేరు దగ్గర "ప్రమా" అని ఉంది. తర్వాత చెదలు తిన్న కన్నం. ఆ తర్వాత "నామ సంవత్సర జ్యేష్ఠ బహుళ". ప్రమాథి కావచ్చు, ప్రమాదీచ కావచ్చు. ప్రమాథి అయితే 1879 లేదా 1939, ప్రమాదీచ అయితే 1913. కొన్న మనిషి పేరు చూసి తేల్చుకుందామంటే మా ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు, మా తాతకూ ఆయన తాతకూ ఒకటే పేరు, ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే. అరవై ఏళ్ళకు ఏడాది పేరు తిరిగొచ్చేసరికి మనిషి పేరు కూడా తిరిగొస్తోంది!

సరే, ప్రభుత్వ రికార్డులో చూద్దామని ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్ళాను. పాత అడంగళ్ళు, ఆర్.ఎస్.ఆర్. (ఊరి భూముల పాత రిజిస్టర్లు) నకళ్ళు కావాలని అర్జీ పెట్టుకున్నాను. రెండుసార్లు రేపు రమ్మన్నారు. మూడోసారి అక్కడి ఉద్యోగి నా అర్జీని పది మంది ముందూ పైకి చదివి "వాటా గొడవా అమ్మా? మీ అన్నదమ్ములకు తెలిసే వచ్చారా?" అన్నాడు. వంశ చరిత్ర కోసమండీ అన్నాను. "వంశం మీ అత్తారిది కదమ్మా, పుట్టింటిది మీకెందుకు?" అన్నాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. యాభై ఐదేళ్ళ మనిషిని, స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నోట మాట రాక అర్జీ వెనక్కి తీసుకుని బయటికి వచ్చేశాను. బస్టాండుకు చేరకముందే అన్నయ్య ఫోన్. "ఏంటమ్మా, నాకు ఒక్క మాట చెప్పకుండా పొలం కాగితాలు తీయిస్తున్నావట?" అన్నాడు. బస్టాండులోనే ఏడుపొచ్చింది. ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉందని 1986లోనే మన రాష్ట్రంలో చట్టం తెచ్చారు, దాన్ని మన ఇళ్ళల్లో మాత్రం ఇప్పటికీ బెదిరింపులాగే చూస్తారు. మా పుట్టింటివాళ్ళ గురించి తెలుసుకోవడానికి నేను ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు. అయినా ఇలాంటి పని మీద వెళ్ళే ఆడవాళ్ళకు నేను చెప్పేది, వెళ్ళేముందు ఇంట్లో ఒక మాట వేసి వెళ్ళండి. న్యాయమని కాదు, ఆ ఫోన్ తప్పుతుందని.

ఇంతకీ ఆ తిరుగుడంతా దండగ. మా స్థలం గ్రామకంఠంలోది, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం ఉన్న నేలలోది, గ్రామకంఠం స్థలాలకు ఆ రిజిస్టర్లలో విడివిడిగా పేర్లు రాసేవాళ్ళు కాదు. ఆ ముక్క ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు, ఊరి భూముల లెక్కలు రాసిన పాత కరణం గారి మనవడు చెప్పారు. కరణీకాలు 1984లో రద్దయినా వాళ్ళింట్లో ఇంకా కాగితాల కట్టలున్నాయి. ఆయన దస్తావేజు అడుగున ఉన్న సంతకం చూడగానే "ఇది మా ముత్తాత గారి దస్తూరి, 1918 విషజ్వరంలో పోయారు" అన్నారు. అంటే 1939 కాదు.

ఇక 1879. ఇంటికొచ్చి దీపం ఆర్పేసి, ఫోన్ టార్చిని కాగితానికి పక్కనుంచి ఏటవాలుగా పట్టాను. స్టాంపు దగ్గర ఉబ్బెత్తు ముద్ర పైకి తేలింది. కిరీటం, దాని కింద గడ్డం. పూజ గూట్లో ఉన్న 1918 వెండి రూపాయి పక్కన పెట్టి చూశాను, అదే ఐదో జార్జి ముఖం. 1879లో అయితే విక్టోరియా రాణి ఉండాలి. రాతలో కూడా "గుంటూరు జిల్లా" అని ఉంది, గుంటూరు జిల్లా 1859లో రద్దయి మళ్ళీ ఏర్పడింది 1904లో. ఒక్క ముద్రనే నమ్మితే పాత స్టాంపు కాగితం తర్వాతెప్పుడో వాడారేమో అనుకోవచ్చు, మూడూ ఒకే చోటికి వస్తే ఇంక అనుమానం లేదు. దయచేసి ఇలాంటి కాగితాలకు లామినేషన్ చేయించకండి, ఆ ఉబ్బెత్తు అణిగిపోతే ఏమీ మిగలదు.

1913 అని తేలగానే సంతోషం కంటే ముందు దిగులేసింది. 1864కూ దీనికీ 49 ఏళ్ళు, అత్తయ్య చెప్పిన ఉప్పెన కథ అబద్ధమేనా అని. రాత్రి మళ్ళీ మొదటి నుంచి అక్షరం అక్షరం చదివాను. నాలుగో వరుసలో, ఇన్నాళ్ళూ హద్దుల వివరం అనుకుని దాటేసిన చోట, "మీ తండ్రిగారి నాటినుండి మీరు పాక వేసుకుని కాపురమున్న స్థలము" అని ఉంది. కొన్నది 1913లో. వచ్చింది అంతకు ముందు తరంలో.

పొద్దున్నే అత్తయ్యకు ఫోన్ చేసి ఆ వరుస చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది.